రవ్వ పట్టిన దూది

రాయీ రాయీ కొట్టుకుంటే రవ్వ రాలింది, మనిషికి నిప్పు దొరికింది అని చిన్నప్పుడు పాఠంలో చదువుకున్నాం. పెద్దయ్యాక చదివిన పుస్తకాలు కూడా రాయి గురించీ, తర్వాత వచ్చిన ఉక్కు గురించీ చెప్పి ఊరుకున్నాయి. కానీ రాలిన రవ్వ రెప్పపాటులో ఆరిపోతుంది. దాన్ని పట్టుకుని, ఆరకుండా కాపాడి, ఊదితే ఎర్రబడే కణికగా మార్చే మెత్తని సరుకు ఒకటి సిద్ధంగా ఉండాలి. అది లేనప్పుడు చెకుముకి రాయి ఉత్త రాయే. కాలేజీలో వృక్షశాస్త్రం చెప్పి రిటైరైనవాణ్ణి కాబట్టి నా ధ్యాస ఎప్పుడూ ఆ మెత్తని సరుకు మీదే. రాళ్ళు మ్యూజియాలకు చేరాయి. విజయవాడ బందరు రోడ్డులో బాపు మ్యూజియానికి వెళ్ళండి, రాతియుగపు పనిముట్లు అద్దాల వెనక కనిపిస్తాయి. వాటితో కలిసి బతికిన దూది, పీచు, నూగు, పుచ్చుకట్టె ఏ అద్దం వెనకా లేవు. తమ పని చేసి అవి బూడిదయ్యాయి. కృష్ణా డెల్టాలో మనవాళ్ళు నిప్పును ఎలా పుట్టించుకున్నారో, ఎలా దాచుకున్నారో చెప్పాలంటే ఆ బూడిద గురించే చెప్పాలి.

నాకు దీని మీద ఆసక్తి మా అమ్మ తండ్రి నుంచి వచ్చింది. ఆయనది దివిసీమ, నాలుగెకరాల రైతు. 1960 ప్రాంతానికి అగ్గిపెట్టెలు ప్రతి కిళ్ళీకొట్టులోనూ దొరుకుతున్నాయి. అయినా తాతయ్య మొలతాడుకి మేకతోలు సంచి ఒకటి వేలాడుతూనే ఉండేది. చెకుముకి సంచి అనేవాళ్ళు. అందులో గోధుమరంగు రాయి, వంకీ తిరిగిన ఉక్కుముక్క, మూతి మీద బిరడా ఉన్న వెదురు గొట్టం ఉండేవి. ఉక్కుముక్క ఒకప్పటి ఆకురాయి. అరిగి పనికిరాకుండా పోయిన ఆకురాయిని ఊరి కమ్మరి కొలిమిలో కాల్చి, వంచి, మళ్ళీ ఎర్రగా కాల్చి నీళ్ళలో ముంచి ఇచ్చాడట. మామూలు ఇనుము రవ్వలు రాల్చదు. గట్టి ఉక్కే కావాలి, ఊళ్ళో గట్టి ఉక్కు దొరికేది ఆకురాయిలోనే. ఈ సంగతి కమ్మరికి ఎవరూ పుస్తకంలో చూపించలేదు.

చుట్ట వెలిగించేటప్పుడు ఆయన చేతులు చూడటం నాకు పండగలా ఉండేది. గొట్టంలోంచి చిటికెడు నల్లదూది తీసి, రాయి అంచుకు ఆనించి ఎడమచేతి బొటనవేలితో అదిమి పట్టేవాడు. కుడిచేత్తో ఉక్కును ఆ అంచు మీదుగా ఏటవాలుగా కిందికి గీసినట్టు కొట్టేవాడు. నిజానికి అక్కడ దెబ్బ తినేది ఉక్కే. రాయి అంచు ఉక్కును సన్నగా చెక్కుతుంది, ఊడిన పొడి ఆ వేడికి గాలి తగిలి మండుతుంది. మనం చూసే రవ్వ ఆ మండే ఉక్కుపొడే. అది దూది మీద పడితే ముందు ఏమీ కనిపించదు. తర్వాత ఒక్క చుక్క ఎరుపు, దాని చుట్టూ పాకే సన్నని అంచు. తాతయ్య దాన్ని చుట్ట మొదట్లో పెట్టి పీల్చేవాడు. మిగిలిన దూదిని గొట్టంలో వేసి బిరడా బిగిస్తే, గాలి అందక నిప్పు ఆరి, రేపటికి ఇంకా మంచి నల్లదూది మిగిలేది.

అగ్గిపెట్టె ఉండగా ఇదంతా ఎందుకని అమ్మమ్మ అడిగేది. చేలగట్టు మీద సముద్రపు గాలికి అగ్గిపుల్ల ఆరిపోతుందనీ, దూది నిప్పు ఆ గాలికే రాజుకుంటుందనీ ఆయన జవాబు. ఇందులో శాస్త్రం ఉంది. అగ్గిపుల్లది మంట, గాలి దాన్ని తోసేస్తుంది. దూదిది మంట లేని నిప్పు, దానికి గాలి తిండి. బండి తోలేవాళ్ళు, కాలవ మీద పడవ నడిపేవాళ్ళు, వలవేసేవాళ్ళు అగ్గిపెట్టెలు వచ్చాక కూడా చాలాకాలం చెకుముకిని వదలకపోవడానికి కారణం ఇదేనని నా నమ్మకం. పాతదాని మీద మమకారంతో పట్టుకు వేలాడారని అనుకోవడం వాళ్ళ తెలివిని తక్కువ చేయడమే.

ఇక అసలు సరుకు సంగతి. తెల్లదూది మీద చెకుముకి రవ్వ సాధారణంగా నిలవదు. దూది నల్లబడాలి. అంటే ఒకసారి గాలి సరిగా అందకుండా కాలి, బూడిద కాకముందే ఆరిపోవాలి. అలా మాడిన నూలుపోగు నిండా కంటికి కనిపించని సందులుంటాయి. చాలా తక్కువ వేడికే అది అంటుకుంటుంది, అంటుకున్నాక మంట లేకుండా నెమ్మదిగా పాకుతుంది. తాతయ్య పాత నూలు పంచె పేలికల్ని మాడ్చేవాడు. అది అయిపోతే బూరుగు దూదిలో మెత్తటి బొగ్గుపొడి కలిపి రుద్దేవాడు. నేతగాళ్ళున్న ఊళ్ళో, కలంకారీ అద్దకానికి పేరుపడ్డ పెడన, బందరు చుట్టుపక్కల, నూలుకు ఏం కొదవ? పత్తి నేల మీద పుట్టినవాడికి నిప్పు పట్టే సరుకు ఇంట్లోనే చిరిగి పడి ఉండేది.

పత్తి ఒక్కటే కాదు. తాటిమట్ట మొదట్లో, చెట్టుకు అతుక్కునే చోట గోధుమరంగు నూగు ఉంటుంది. ఊళ్ళో కల్లుగీసే పెద్దాయన కత్తి తగిలి వేలు తెగితే ఆ నూగునే అద్దుకునేవాడు, రక్తం ఆగేది. చెకుముకిలోకీ అదే వాడేవాడు. గాయానికీ నిప్పుకీ ఒకే డబ్బా. మన్యంలో జీలుగు చెట్టు మట్టల మొదట్లో దొరికే నూగు కూడా ఇదే పనికి వచ్చేది. బ్రిటిష్ కాలపు వృక్షశాస్త్రవేత్తలు తాటిజాతి చెట్ల నూగు గురించి రాసినప్పుడు ఓడల సందులు పూడ్చడంతో పాటు నిప్పు పట్టించడాన్ని కూడా దాని ప్రయోజనాల్లో చేర్చారు.

ప్రపంచంలో చలిదేశాలవాళ్ళకు ఈ సరుకు దొరకలేదు. వాళ్ళకు పత్తి లేదు, తాడిచెట్టు లేదు. వాళ్ళు అడవిలో చెట్టు మానుకి అరల్లా పుట్టే గట్టి కుక్కగొడుగుల్ని ఆశ్రయించారు. 1991 సెప్టెంబరులో ఆస్ట్రియా, ఇటలీ సరిహద్దులో ఆల్ప్స్ కొండల మీద కరిగిన మంచులో ఒక మనిషి దేహం బయటపడింది. 5,000 ఏళ్ళకు పైబడినది. అతనికి ఊట్సీ అనే పేరు స్థిరపడింది. అతని నడుముకి కట్టుకున్న తోలు సంచిలో నల్లని మెత్తటి పదార్థం దొరికింది. పరీక్షిస్తే అది ఫోమిస్ ఫోమెంటేరియస్ అనే చెట్టుగొడుగు లోపలి పొర. దాని మీద గంధకపు ఇనుపరాయి, అంటే పైరైట్ నలుసులు కూడా ఉన్నాయి. నడుముకి సంచి, సంచిలో రవ్వ పట్టే సరుకు. ఈ వివరం మొదటిసారి చదివినప్పుడు నాకు మా తాతయ్యే కళ్ళముందు నిలిచాడు. ఊట్సీ దగ్గర ఇంకొకటి కూడా దొరికింది. బర్చ్ చెట్టు పట్టతో కుట్టిన డబ్బాలో పచ్చి ఆకులు, వాటి మధ్య బొగ్గు ముక్కలు. నిప్పుకణికను ఆకుల్లో చుట్టి వెంట తీసుకుపోయేవాడన్న మాట. దీని సంగతి మళ్ళీ చెబుతాను.

ఆ చెట్టుగొడుగు బీచ్, బర్చ్ లాంటి చలిదేశపు చెట్లని పట్టుకుని పెరుగుతుంది. పై పెంకు గుర్రపుడెక్కలా గట్టిగా ఉంటుంది. దాన్ని తీసేస్తే లోపల గోధుమరంగు ఉన్నిలాంటి పొర. దాన్ని ముక్కలుగా కోసి, ఉడికించి, సుత్తితో బాది బాది తోలులా పలచన చేస్తారు. తర్వాత సూరేకారం కలిపిన నీళ్ళలో నానబెట్టి ఆరబెడతారు. ఐరోపాలో అమడూ అనే పేరుతో అంగళ్ళలో అమ్మింది దీన్నే. అగ్గిపుల్ల వచ్చేదాకా అది పెద్ద వ్యాపారం.

మన డెల్టా ఎండలకు ఆ గొడుగు పెరగదు. దాని దూరపు చుట్టాలు మాత్రం ఇక్కడ నిండా ఉన్నాయి. కొబ్బరి రైతుని అడగండి, గానోడెర్మా తెగులు గురించి కళ్ళనీళ్ళతో చెబుతాడు. చెట్టు మొదట్లో నేలకు దగ్గరగా ఎర్రమట్టిరంగులో, పైన లక్క పూసినట్టు మెరిసే గట్టి గొడుగు కనిపించిందంటే అప్పటికే లోపల వేరు, మొదలు కుళ్ళిపోయాయని అర్థం. నూజివీడు మామిడితోటల్లో పాత మొద్దుల మీదా ఇలాంటివి చూస్తాం. నేనొకటి కోసుకొచ్చి ఎండబెట్టి చూశాను. తాతయ్య చెకుముకి రవ్వ దాని మీద నిలవలేదు. కుంపటిలోంచి తీసిన కణికను దాని మీద పెట్టి ఊదితే మాత్రం పట్టుకుంది. ఒకసారి పట్టుకున్నాక వదల్లేదు. పొగ కూడా పెద్దగా లేకుండా, సాయంత్రం పెట్టిన నిప్పు తెల్లారినా లోపల ఎర్రగానే ఉంది. రవ్వను పట్టడం ఒక గుణం, నిప్పును మోయడం ఇంకో గుణం. దూదికి మొదటిది ఉంది. చెట్టుగొడుగుకి రెండోది ఉంది.

మరి డెల్టాలో పాతకాలపువాళ్ళు ఈ గుణాన్ని గమనించలేదా? గమనించారు, ఇంకో దారిలో. తొలకరికి పుట్టల మీద మొలిచే పుట్టగొడుగుల్ని కూర వండుకున్నారు, మొద్దుల మీద పుట్టే కుక్కగొడుగుల్ని ముట్టుకోలేదు. కానీ ఆ గొడుగు లోపలి నుంచి తినేసిన చెక్కని, పుచ్చుకట్టెని, జాగ్రత్తగా ఏరుకున్నారు. చేత్తో నొక్కితే పొడి అయ్యేంత మెత్తన, ఎత్తితే బరువే తెలియనంత తేలిక. శిలీంధ్రం చెక్కలో ఒక భాగాన్ని తినేసి, మిగతాదాన్ని గాలి ఆడే సందులతో వదిలేస్తుంది. నిప్పు మోయడానికి అంతకన్నా ఏం కావాలి? తాతయ్య దూదిలో పుట్టిన కణికను ముందు పుచ్చుకట్టెకి అందించేవాడు. పుచ్చుకట్టె నుంచి పిడకకి, పిడక నుంచి ఎండుగడ్డికి, గడ్డి దగ్గర మాత్రమే మంట. వర్షాకాలంలో ఆయన సంచిలో పాతమామిడి పుచ్చుకట్టె ముక్క ఒకటి తప్పకుండా ఉండేది. తెలిసో తెలియకో ఆయనా ఊట్సీ దారిలోనే నడిచాడు. చెట్టు మీది శిలీంధ్రాన్ని అతను కోసుకున్నాడు, చెట్టు లోపల శిలీంధ్రం చేసిన పనిని ఈయన వాడుకున్నాడు.

సూరేకారం అన్నాను కదా, దానికీ మన ప్రాంతానికీ పాతబంధం. పల్లెల్లో పాటిదిబ్బలని ఉండేవి. ఒకప్పటి ఊళ్ళు కూలి మట్టి అయిన చోట్లు. పశువులూ మనుషులూ తరాల తరబడి మసలిన ఆ మట్టిని నీళ్ళలో కలిపి, వడగట్టి, కాచి సూరేకారం తీసేవారు. రైతులకు పాటిమట్టి పొలం బలం, తుపాకి పట్టినవాడికి మందు. 1611లో ఇంగ్లీషువాళ్ళ గ్లోబ్ అనే ఓడ మచిలీపట్నం రేవుకి వచ్చింది. డచ్చివాళ్ళు అంతకు ముందే వచ్చి ఉన్నారు. తీరం వెంట దక్షిణంగా, పులికాట్‌లో డచ్చివాళ్ళు కట్టుకున్న గెల్డ్రియా కోటలో తుపాకిమందు తయారయ్యేది. ఆ రోజుల్లో సిపాయి చేతిలో ఉన్నది జామగి తుపాకి. జామగి అంటే సూరేకారం పట్టించిన నూలుతాడు. ఒక చివర అంటిస్తే మంట లేకుండా గంటల తరబడి పాకుతూ ఉంటుంది. ఆ చివరను మందుకి తగిలిస్తే తుపాకి పేలుతుంది. ఐరోపావాడు కుక్కగొడుగుకి పట్టించిన సూరేకారాన్నే మనవాడు నూలుకి పట్టించాడు. తర్వాత తాడు పోయి, తుపాకి మీదే రాయి, ఉక్కు అమర్చిన చెకుముకి తుపాకి వచ్చింది. 1766లో జనరల్ కయ్యో నాయకత్వంలో ఇంగ్లీషు దళాలు కొండపల్లి కోటను పట్టుకున్నాయి. అప్పటికి వాళ్ళ సిపాయిల చేతుల్లో ఉన్నవి ఈ రాతి తుపాకులే. మా తాతయ్య మొలకున్న రాయీ ఉక్కే అక్కడ తుపాకి ఎక్కి మన కోటలు పట్టాయి.

రాళ్ళకు డెల్టాలో వెతుకులాట తప్పదు. ఒండ్రునేలలో గులకరాయి కూడా దొరకదు. కానీ బెజవాడ ఎగువన కృష్ణ ఇసుకలో కొండల నుంచి కొట్టుకొచ్చిన పలుగురాళ్ళు, చెకుముకి రాళ్ళు ఉంటాయి. అమరావతి తిరనాళ్ళకో, బెజవాడ పుష్కరాలకో వెళ్ళినవాళ్ళు ఏటిలో ఏరి మూటకట్టుకుని దివిసీమకు తెచ్చేవారట. తాతయ్య రాయి అలా వచ్చిందే. ఉక్కు సంగతికొస్తే, తెలంగాణలో కోనసముద్రం ఉక్కు పేరు పారశీక దేశం దాకా పాకింది. 19వ శతాబ్దం మొదట్లో అక్కడికి వెళ్ళిన హెచ్. డబ్ల్యు. వాయిసీ అనే బ్రిటిష్ భూగర్భశాస్త్రవేత్త ఆ ఉక్కు కొనడానికి వచ్చిన పారశీక వర్తకుల్ని గురించి రాశాడు.

ఉక్కు లేని కాలంలో మనవాళ్ళ నిప్పు ఎలాంటిది? నంద్యాల జిల్లా బేతంచర్ల దగ్గర ముచ్చట్ల చింతమాను గవి అనే గుహ ఉంది. అక్కడి తవ్వకాల్లో రాతియుగపు పొయ్యి ఆనవాళ్ళు దొరికాయి. కాలిన మట్టిని పరీక్షిస్తే సుమారు 17,000 ఏళ్ళ నాటిదని తేలింది. అన్నేళ్ళ క్రితం తెలుగునేల మీద ఒక కుటుంబం ఆ గుహలో నిప్పు చుట్టూ కూర్చుంది.  

ఉక్కు అక్కర్లేని పాత పద్ధతి, కర్రను కర్రతో మథించడం, ఇద్దరి దగ్గర నిలిచింది. వాళ్ళిద్దరూ ఒకరి గడప ఒకరు తొక్కనివాళ్ళు. ఒకరు కోనసీమ అగ్రహారాల్లో యజ్ఞాగ్నిని నిలుపుకునే ఆహితాగ్నులు. జమ్మి మీద పుట్టిన రావి కొమ్మతో అరణి చేసుకుని, కవ్వంలా తాడు లాగి నిప్పు పుట్టిస్తారు. పొగ రాగానే దూదో కొబ్బరిపీచో ఎండిన పేడపొడో అందిస్తారు. అమెరికా పరిశోధకుడు డేవిడ్ నైప్ ఏళ్ళ తరబడి ఆ కుటుంబాలతో మసలి 2015లో ఒక పుస్తకం ప్రచురించాడు. రెండోవారు యానాదులు. దక్షిణ భారత కులాలు, తెగల మీద ఎడ్గార్ థర్స్టన్ 1909లో వెలువరించిన ఏడు సంపుటాల్లో శ్రీహరికోట యానాదుల పద్ధతి ఉంది. పొట్టికర్రలో గుంట తొలిచి నేల మీద గట్టిగా పట్టుకుంటారు, పొడవుకర్రను ఆ గుంటలో నిలిపి అరచేతుల మధ్య గిరగిరా తిప్పుతారు. గుడ్డపేలికో ఎండుటాకులో నిప్పు పట్టుకుంటాయి. ఒకరి నిప్పు యజ్ఞానికి, ఒకరిది గెంజికి. చేతులు చేసిన పని ఒక్కటే. యజ్ఞపు అరణి గురించి ఎన్నో గ్రంథాలున్నాయి. యానాది కర్ర గురించి కొన్ని వాక్యాలే ఉన్నాయి. ఆ శ్రీహరికోట నుంచే ఇవాళ రాకెట్లు పోతున్నాయి, దీవిని ఖాళీ చేసి వెళ్ళింది ఆ యానాదులే.

మన డెల్టాలోనూ యానాదులు ఉన్నారు. వరికోతల తర్వాత చేలల్లో ఎలుకల కన్నాలకు ఊదర పెట్టేది వాళ్ళే. కుండలో గడ్డి కుక్కి, నిప్పు వేసి, కన్నం దగ్గర ఊదుతూ పొగ లోపలికి పంపేవారు. దానికి పొలంలో ఎప్పుడూ నిప్పు సిద్ధంగా ఉండాలి. గట్టిగా పేనిన గడ్డి వెంటికి ఒక చివర అంటించి తెచ్చేవారు. బిగువుగా పేనితే గాలి లోపలికి పోదు, మంట లేవదు, మెల్లగా పాకుతుంది. రైతు పంటను కాపాడిన ఈ పనితనానికి ఊరు ఇచ్చిన గౌరవం చాలా తక్కువ. అది సరికాదు.

నిప్పు పుట్టించడం కన్నా దాచడమే డెల్టా ఇళ్ళలో పెద్దపని. రాత్రి వంటయ్యాక అమ్మమ్మ పొయ్యిలో పిడకను బూడిదతో కప్పేది. తెల్లారి బూడిద తీస్తే ఎర్రగా కనిపించేది. చలికాలంలో కుంపటిలో ఊక పోసి పైన కణిక పెట్టేది. డెల్టాలో వడ్ల ఊకకు కరువు లేదు కాబట్టి బాలింత గదిలో ఆ కుంపటి రోజుల తరబడి ఆరేది కాదు. ఎవరింట్లోనైనా నిప్పు ఆరిపోతే ఆ ఇంటి ఆడపిల్ల కొబ్బరిచిప్ప పట్టుకుని పక్కింటికి వచ్చేది. చిప్ప అడుగున బూడిద, దాని మీద పిడకముక్క, దాని మీద కణిక. ఊట్సీ పట్టడబ్బాలో ఆకులున్నట్టు ఇక్కడ బూడిద. కృష్ణమ్మ ఒడ్డు పిల్లకీ ఆల్ప్స్ కొండల మీది మనిషికీ వేల మైళ్ళు, వేల ఏళ్ళు ఎడం. ఇద్దరికీ ఒకటే అవసరం, ఇద్దరికీ తట్టిన ఉపాయం ఒకటే.

నిప్పు ఇవ్వడానికి పట్టింపులుండేవి. దీపాలు పెట్టాక నిప్పు బయటికి ఇచ్చేవారు కాదు, ఉప్పు ఇవ్వనట్టే. ఇంట్లో మనిషి పోతే కొడుకు చేతిలో కుండలో పోయేది ఆ ఇంటి నిప్పే. ఈ పట్టింపుల్లో కొన్నిటికి భక్తి కారణం, కొన్నిటికి భయం కారణమని నేననుకుంటాను. అప్పటి డెల్టా నిండా తాటాకు ఇళ్ళు. వేసవిలో ఒక్క కణిక గాలికి లేచిందంటే పేట పేట మొత్తం బుగ్గి. ఎండాకాలం మధ్యాహ్నపు గాలి లేవకముందే వంట ముగించి పొయ్యిలో నీళ్ళు చల్లేవాళ్ళమని అమ్మమ్మ చెప్పేది. చీకటిలో చిప్పలో నిప్పు పట్టుకుని తాటాకు చూరుల కింద నడవొద్దని చెబితే పిల్లలు వినకపోవచ్చు, లక్ష్మి వెళ్ళిపోతుందని చెబితే విన్నారు.

అగ్గిపుల్ల ఈ ఏర్పాటునంతా నెమ్మదిగా కరిగించింది. ఇంగ్లండులో జాన్ వాకర్ అనే మందులకొట్టు యజమాని 1827లో గీస్తే మండే పుల్లలు అమ్మడం మొదలుపెట్టాడు. తర్వాత వచ్చిన తెల్ల భాస్వరం పుల్లలు ఎక్కడ గీసినా అంటుకునేవి, కానీ వాటిని తయారుచేసే కూలీల దవడ ఎముకలు కుళ్ళిపోయాయి. 1906లో బెర్న్ నగరంలో దేశాలు కూడి వాటిని నిషేధించుకున్నాయి. మన దేశంలో ఆ చట్టం 1913లో వచ్చింది. పెట్టె పక్కన గీస్తేనే అంటుకునే పుల్ల స్వీడన్‌లో రూపుదిద్దుకుంది. మనకు మొదట ఆ స్వీడన్ సరుకే వచ్చింది, మొదటి ప్రపంచయుద్ధంలో జపాన్ పెట్టెలు ఆ ఖాళీని నింపాయి. 1922లో దిగుమతి సుంకం బాగా పెరగడంతో ఇక్కడే తయారీకి దారి పడింది. శివకాశి నుంచి అయ్య నాడార్, షణ్ముగ నాడార్ అనే ఇద్దరు యువకులు కలకత్తా వెళ్ళి పని నేర్చుకుని 1923లో తిరిగొచ్చారు. ఆ ఊరి జాతకం మారిపోయింది. స్వీడన్ కంపెనీ కూడా ఆ రోజుల్లోనే విమ్కో పేరుతో మన దేశంలో ఫ్యాక్టరీలు తెరిచింది. 1934లో ప్రభుత్వం అగ్గిపెట్టెల మీద ఎక్సైజు సుంకం వేసింది. పల్లెవాడు నిప్పుకీ సర్కారు పన్ను కట్టాడు. నా తరం వంటింట్లో చీతా ఫైట్ పెట్టె లేని ఇల్లు లేదు. అర్ధరూపాయి పెట్టె 2007లో రూపాయి అయింది, 2021 డిసెంబరులో రెండు రూపాయలైంది.

అగ్గిపెట్టెని నేను తక్కువ చేయను. ఆడవాళ్ళ కళ్ళు పొగకు మండకుండా, పిల్లలు చిప్పలతో ఇల్లిల్లూ తిరగకుండా చేసింది అదే. కానీ ఒక తరంలోనే మనం దాని మీద పూర్తిగా ఆధారపడిపోయాం. 1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెన వచ్చాక అది తెలిసింది. పదివేలమందికి పైగా పోయారు. సహాయానికి వెళ్ళిన కుర్రాళ్ళలో నేనూ ఒకణ్ణి. బియ్యం మూటలు దించాం. కట్టె తడిసింది, గడ్డి తడిసింది, కుంపట్లు కొట్టుకుపోయాయి, అగ్గిపెట్టెల్లో పుల్లల మందు కరిగి కారింది. బియ్యం చేతిలో పెట్టుకుని జనం నిలబడ్డారు. ఆ తర్వాత వెళ్ళిన లారీల్లో వండిన అన్నం పొట్లాలు, మైనం కాగితంలో చుట్టిన అగ్గిపెట్టెలు పంపాం. మా తాతయ్య అప్పటికి లేడు. ఆయన సంచీ ఆ నీళ్ళలోనే పోయింది.

వస్తువు పోయినా పేరు మిగిలింది. జనవిజ్ఞాన వేదిక పిల్లల కోసం నడిపే సైన్సు పత్రిక పేరు చెకుముకి. ఆ పేరుతో ప్రతిభా పరీక్షలు కూడా రాస్తున్నారు మన పిల్లలు. చాలా మంచి పేరు పెట్టారు. పరీక్ష రాసే పిల్లల్ని అడిగి చూశాను, చెకుముకిని చేత్తో పట్టుకున్నవాళ్ళు ఒక్కరూ కనిపించలేదు. గ్యాస్‌పొయ్యి లైటరు టక్కుమంటే నిప్పు. దాని కింద ఏ సరుకూ అక్కర్లేదు, గ్యాసే రవ్వ పడుతుంది.

రాయి గురించి నాకు బెంగలేదు, అది ఎక్కడికీ పోదు. ఉక్కుముక్కలు తుప్పుపట్టినా ఏ అటక మీదో దొరుకుతాయి. పోయేది దూది, నూగు, పుచ్చుకట్టెల గురించిన తెలివి. ఏ చెట్టుది మంచిది, ఏ నెలలో ఏరాలి, ఎంత మాడ్చాలి, దేంట్లో దాచాలి అన్నది ఎనభై దాటిన వాళ్ళకే తెలుసు. దివిసీమలో, కొల్లేటి ఒడ్డు ఊళ్ళలో, రేపల్లె, బాపట్ల తీరంలో ఉన్న పాఠకుల్ని ఒకటి అడుగుతున్నాను. మీ ఇంట్లో, మీ పేటలో, యానాదుల గూడెంలో, గీతకార్మికుల వాడలో పెద్దలుంటే పక్కన కూర్చుని చెకుముకి సంచిలో ఏం పెట్టేవాళ్ళో అడగండి. చెట్టు పేరు వాళ్ళు ఏ మాటతో చెబితే ఆ మాటతోనే రాసుకోండి. వీలైతే ఆ చెట్టు దగ్గరికి వాళ్ళని తీసుకెళ్ళి ఫొటో తీయండి. రాసినదాన్ని మీ ఊరి గ్రంథాలయంలోనో, వేటపాలెం సారస్వత నికేతనంలాంటి చోటో భద్రంగా ఉంచండి. పాత సంచి దొరికితే లోపలి నల్లదూదిని దులిపి పారేయకండి, సంచితో పాటే ఏదైనా మ్యూజియానికి ఇవ్వండి. వచ్చే వానాకాలం లోపు ఈ పని మొదలుపెట్టండి.